అద్దములతో చేసిన గంగాళము

ధ్యానభాగము: నిర్గమకాండము 38:8, 1 సమూయేలు 16:1–13



ప్రత్యక్ష గుడారమునకు చేసిన గంగాళపు ఇత్తడి ఎక్కడినుండి వచ్చిందో గ్రంథము ప్రత్యేకముగా చెబుతున్నది. ద్వారము దగ్గర సేవచేసే స్త్రీలు తమ అద్దములను ఇచ్చారు. ఆ కాలపు అద్దము మెరుగుపెట్టిన లోహపు రేకు. ముఖము చూచుకొనే వస్తువు, యాజకులు కాళ్లు చేతులు కడుగుకొనే పాత్ర అయింది. అద్దము పాపమని అక్కడ వ్రాయలేదు. కాని అద్దమును చేతినుండి విడువగలిగిన స్త్రీలను దేవుడు జ్ఞాపకముంచుకున్నాడు.

నేడు మన ఇండ్లలో కొందరు పిల్లలు అద్దమును విడువలేకపోతున్నారు. ముక్కు వంకర అని, చర్మము బాగాలేదని, జుట్టు పలచబడిందని గంటల తరబడి చూచుకొంటారు. మనకు ఆ లోపము కనబడదు, లేక కనబడీ కనబడనట్లు ఉంటుంది. "నేను బాగున్నానా?" అని పదేపదే అడుగుతారు. ఫోటోకు నిలువరు. పెండ్లికి రారు, చివరకు ఆరాధనకూ రారు. మగపిల్లలలోనూ ఇది ఉన్నది. కండలు చాలవని కుమిలిపోయేవారున్నారు.

తల్లిదండ్రులు దీనిని గర్వమంటారు, సోకులంటారు. అది సరికాదు. గర్వముగలవాడు తన్ను చూచుకొని సంతోషిస్తాడు. ఈ బిడ్డ తన్ను చూచుకొని ఏడుస్తాడు. ఇది వ్యాధి. 1891లోనే ఇటలీ వైద్యుడు ఎన్రికో మోర్సెల్లి దీనిని వర్ణించాడు. నేటి వైద్యులు బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ అంటారు. ఎక్కువగా పన్నెండు, పదమూడేండ్ల ప్రాయములో మొదలవుతుంది. ముదిరితే ప్రాణము తీసుకొనే తలంపు వరకు తీసుకొనిపోతుంది. కాబట్టి తేలికగా తీసుకొనకండి.

సెల్‌ఫోను ఈ బాధను పెంచుతున్నది. కంటి దగ్గర పెట్టిన బొటనవ్రేలు కొండనే మూసివేస్తుంది గదా! అలాగే చేతి దూరములో తీసిన ఫోటోలో ముందుకు ఉన్న ముక్కు ఉన్నదానికంటె పెద్దదిగా పడుతుంది. హోసూరు ఫ్యాక్టరీలలో ఫోను విడిభాగములు చేసే మన ఆడపిల్లలకు ఈ సంగతి ఎవరైనా చెప్పారా?

అయితే పిల్లలను మాత్రమే మందలించి ఊరకుండగలమా? ఆంధ్రదేశము విడిచి డెంకణికోట, హోసూరు, కృష్ణగిరిలో స్థిరపడిన మనము ఏ మాట వెంట తెచ్చుకున్నాము? "అమ్మాయి రంగు తక్కువ, కట్నము కొంచెము పెంచండి" అనే మాట విశ్వాసుల ఇండ్లలోనూ వినబడుతున్నది. 1975లో మన దేశములో అమ్మకానికి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ, 2020లో "ఫెయిర్" అనే మాటను తన పేరునుండి తీసివేసింది. వ్యాపారి మార్చుకున్న మాటను సంఘము మార్చుకొనలేదా? 2023లో కేరళలోని మలప్పురములో తెల్లబరచే క్రీములు వాడినవారికి మూత్రపిండముల జబ్బు వచ్చినట్లు వైద్యులు గుర్తించారు. కొన్ని క్రీములలో పాదరసము ఉంటుంది. మన నోటి మాటే పిల్లల చేతికి ఆ డబ్బాను ఇస్తున్నది.

1878 జూలై 3న ఒంగోలు ప్రాంతములో గుండ్లకమ్మ ఏటిలో 2,222 మంది బాప్తిస్మము పొందారు. వారిలో ఎక్కువమంది లోకము అంటరానివారని నెట్టివేసినవారు. ఆ నీటి ఒడ్డున ఎవరి రంగూ ఎవరూ అడగలేదు. మనము ఆ నీటి సంతానము.

సమూయేలు ప్రవక్త కూడా ఏలీయాబు ఎత్తు చూచి పొరబడ్డాడు. దేవుడు అతనిని సరిదిద్దాడు. దావీదు చూపునకు చక్కనివాడేనని అదే అధ్యాయము చెబుతున్నది. అందము తప్పు కాదు. కాని అభిషేకమునకు అది కొలత కాదు.

ఇక మనము చేయవలసినవి. మొదటిది, పెండ్లిచూపులలో రంగు మాట ఎత్తకండి. నల్లోడా, పొట్టిదానా అని ముద్దుకైనా పిలువకండి. రెండవది, అట్టి బిడ్డతో వాదించకండి. నూరుసార్లు బాగున్నావన్నా ఆ ఊరట ఒక గడియే నిలుస్తుంది. "నీ బాధ నాకు తెలుస్తున్నది, కలిసి వెళ్దాము రా" అనండి. మూడవది, వైద్యునికి చూపించండి. ఆలోచనను సరిదిద్దే మాటల చికిత్స ఉన్నది, మందులున్నవి, అనేకులు కోలుకుంటున్నారు. ముక్కుకు ఆపరేషను చేయించితే సాధారణముగా తృప్తి రాదు. దిగులు మరియొక అవయవమునకు మారుతుంది. బెంగళూరు నిమ్హాన్స్ మనకు దూరము కాదు. 14416కు ఫోను చేస్తే టెలి మానస్ వారు ఉచితముగా మాట్లాడుతారు. వైద్యుని దగ్గరకు వెళ్లుట అవిశ్వాసము కాదు. పౌలు వెంట నడిచిన లూకా వైద్యుడే.

మన ప్రభువునకు చూపులను ఆకర్షించు సొగసు లేదని యెషయా 53వ అధ్యాయము ముందే తెలిపింది. ఆయన ఎదుటికి వచ్చుటకు సిగ్గుపడవలసిన ముఖము ఏదియు లేదు. ఆరాధనకు రాని బిడ్డ మీ వీధిలో ఉంటే, ఈ ఆదివారము ఎందుకు రాలేదని గద్దించక, ఆ ఇంటికి వెళ్లి ప్రక్కన కూర్చుండండి.

ప్రభువు మన పిల్లలను కాపాడును గాక. ఆమేన్.