కృపయు లెక్కయు

దానము చేయుట యంత కష్టము కాదు. చేసిన దానమును మరచుట కష్టము. మన యిండ్లలో జమాఖర్చు పుస్తకములు రెండుండును. ఒకటి పెట్టెలో నుండును. పాలు, బియ్యము, జీతములు మొదలగువాని లెక్క దానిలో వ్రాయుదుము. రెండవది మనస్సులో నుండును. తోడికోడలు ఆడిన మాట, తమ్ముని చదువునకు మనము పెట్టిన సొమ్ము, మన యింటి పెండ్లికి రాని చుట్టము, జ్వరములో మనలను పలుకరింపని పొరుగువాడు, ఇవన్నియు దానిలో తేదీలతో సహా వ్రాయబడి యుండును. మొదటి పుస్తకములో తప్పులు దొరలవచ్చును గాని రెండవదానిలో నొక్క పైసయు తప్పిపోదు. క్రైస్తవులు కృప యని పిలుచు గుణమునకు పరీక్ష యీ రెండవ పుస్తకమునందే జరుగును.

కృప యనగా నెదుటివాని యర్హతను విచారింపక చూపబడు ప్రేమ. అర్హునికి తగినది యిచ్చుట న్యాయము. అది మంచిదే, కాని దానికి కృప యను పేరు చెల్లదు. భగవంతుడు మనుష్యునియెడ నిట్టి ప్రేమను చూపెననియు, దానిని పొందినవాడు తోడివారియెడ నట్లే ప్రవర్తింపవలెననియు క్రైస్తవ ధర్మము బోధించుచున్నది. ఈ బోధను ప్రార్థనాలయములో నంగీకరించుట సులభము. వంటయింటను, అంగడిలోను, అన్నదమ్ముల పంపకములయొద్దను ఆచరించుట దుర్ఘటము. అట్లాచరించినచో నీతికి భంగము కలుగదా యను సందేహమును సహజమే. కాబట్టి దీనిని కొంచెము విచారింతము.

మత్తయి సువార్త 18వ అధ్యాయములో నొక కథ కలదు. ఒక రాజు తన సేవకుడు బాకీపడిన 10,000 తలాంతులను కొట్టివేసెను. ఆ సేవకుడు వెలుపలికి వచ్చి, తనకు 100 దేనారములు బాకీయున్న తోడి సేవకుని గొంతు పట్టుకొని, వానిని చెరసాలలో వేయించెను. దేనారమనగా ఆ కాలపు కూలివాని యొకదినపు కూలి. తలాంతనగా సుమారు 6,000 దేనారములు. అనగా వానికి కొట్టివేయబడిన బాకీ 6 కోట్ల దినముల కూలి. వాడు గొంతు పట్టుకొని యడిగిన బాకీ 100 దినముల కూలి. ఉపన్యాసకులు సాధారణముగా మొదటి మొత్తముయొక్క గొప్పతనమును వర్ణింతురు. రెండవదానిని కూడ మనము చూడవలెను. మూడు నెలలకు మించిన కూలి బీదవానికి స్వల్పమా? కాదు. మనకు జరిగిన యపకారము లెక్కలోనిది కాదని యీ కథ చెప్పుట లేదు. బాకీ నిజమే, నిజమైన బాకీనే విడువుమనుచున్నది. కాబట్టి క్షమించువాడు ఏమియు జరుగలేదని యబద్ధమాడ నక్కరలేదు. జరిగినది, నాకు నొప్పి కలిగినది, అయినను నీ గొంతుమీదినుండి నా చేయి తీయుచున్నానని చెప్పుటయే క్షమ.

ఇట్లు విడిచిపెట్టినచో దుష్టునికి ధైర్యము కలుగదా యని యడుగవచ్చును. దీనికి లూకా సువార్తలోని జక్కయ్య వృత్తాంతము కొంత సమాధానము చెప్పును. యెరికో పట్టణమున సుంకరులకు పెద్దయైన యీతడు ధనవంతుడు; జనులు వానిని పాపిగా నెంచిరి. యేసు వాని నడవడిని గూర్చి యొక్క ప్రశ్నయైనను వేయక, ఆ దినమున వాని యింటనే బస చేయ నిశ్చయించెను. చూచినవారు సణిగిరి. కాని జక్కయ్య తన యాస్తిలో సగము బీదలకిచ్చుటకును, అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగింతలు మరల చెల్లించుటకును మాట యిచ్చెను. కృప ముందు వచ్చెను. దిద్దుబాటు దాని వెంట వచ్చెను. దండనకు వెరచువాడు చట్టము చెప్పినంతయే చెల్లించును. ప్రేమచేత కరగినవాడు అంతటితో నాగడు.

ఇచ్చట నింకొకటి గమనింపదగినది. జక్కయ్యకు కృప లభించినది గనుక మీ సొమ్మును వదలుకొనుడని మోసపోయిన వారికి ఎవరును ఆజ్ఞాపింపలేదు. తనకు రావలసిన బాకీని మాత్రమే యెవడైనను కొట్టివేయగలడు. పరుల బాకీని కొట్టివేయుటకు వాని కధికారము లేదు. ఈ భేదమును మరచియే మన యిండ్లలో పెద్దలు ఘోరమైన యన్యాయములను చేయుచున్నారు. భర్తచేత దెబ్బలు తిని పుట్టినింటికి వచ్చిన బిడ్డకు, ఓర్చుకొనుము, క్షమింపుమని బోధించి మరల నంపుదురు. కొట్టినవానికి మాత్రము బోధ యుండదు! ఆ దెబ్బలు మీ వీపున పడలేదు. వానిని క్షమించుటకు మీరెవరు? బలవంతుడు బలహీనునివలన బలాత్కారముగా రాబట్టు క్షమ కృప కాదు. అది మరియొక వసూలు. ఆమె ప్రాణమునకు రక్షణ కల్పించి, దోషిని నిలువబెట్టి యడిగిన పిమ్మట, ఆమె తనంతట క్షమించునేని దానికి విలువ యుండును. క్షమింపకున్నను ఆమెను నిందించుటకు మనకు హక్కు లేదు.

కృపను చెరచునది యింకొకటి కలదు, అది ప్రతిఫలాపేక్ష. 1876 మొదలు 1878 వరకు దక్షిణ దేశమును పీడించిన ధాత కరువులో ఒంగోలు ప్రాంతపు బీదలు ఆకలిచే మలమల మాడిరి. అచ్చటి అమెరికా బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హాం కాలువలో కొంత భాగమును త్రవ్వించుటకు గుత్త తీసికొని వేలకొలది జనులకు పని కల్పించి కూలి యిచ్చెను. అన్నముకొరకే జనులు మతము మార్చుకొందురేమో యని శంకించి, కరువు తీవ్రముగా నున్నంతకాలము బాప్తిస్మములను నిలిపివేసెను. పిమ్మట 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొద్ద నొక్కనాడే 2,222 మందికి బాప్తిస్మము జరిగెను. వచ్చినవారి హృదయములలో నేమేమి యుండెనో నిర్ణయించుట మనకు శక్యము కాదు. కాని మత ప్రచారమే వృత్తిగా గలవాడు, ఆకలి తన కనుకూలముగా నున్న వేళ చేయి వెనుకకు తీసికొనుట సామాన్యము కాదు. చేసిన మేలు వల కాకూడదని యాతడెరుగును.

మన మేలులలో నెన్ని వలలు కాకయున్నవి? పనిమనిషి బిడ్డకు వైద్యము చేయించుదుము. మరునాడామె సెలవడిగినచో నా వైద్యమును జ్ఞాపకము చేయుదుము. పాత చీర నిచ్చి, జీతము పెంచుమన్నప్పుడు చీర మాట యెత్తుదుము. ఆమెకు గ్లాసు వేరుగా నుంచి, మా యింటి మనిషివంటిదని యతిథులతో చెప్పుదుము. న్యాయముగా నీయవలసిన జీతమును తగ్గించి, ఆ తగ్గించినదానిలో కొంత దయగా నిచ్చుట కృప కాదు. మొదట ఋణము తీర్చవలెను. ఆ మీదనే యిచ్చునది దానమగును. పుచ్చుకొన్నవాడు మన యెదుట తల వంచుకొనియే తిరుగుచున్నచో, మన మిచ్చినది యింకను మన పుస్తకములో బాకీగనే యున్నదని తెలిసికొనవలెను.

ఇంతటి ప్రేమ దేవతలకు గాని మనుష్యులకు సాధ్యము కాదని నిరుత్సాహపడ నక్కరలేదు. మనస్సులోని పుస్తకమునంతయు నొక్కనాడు తగులబెట్టుమని యెవరును కోరుట లేదు. అందులో నొక బాకీని, మనకు నిజముగా రావలసినదానిని, ఎదుటివాడు అడుగకయే యీ దినమున కొట్టివేయవచ్చును. కొట్టివేసితినని వానితో చెప్పకుండుట మరియు మంచిది.