కాడితో చేసిన ఎద్దు



ట్రాక్టరు వచ్చిన తరువాత కొత్తకోట చుట్టుపట్ల పల్లెలలో కొయ్య నాగలి, కాడి, బండి చక్రము ఇండ్ల వెనుక మూలకు చేరినవి. కొన్ని పొయ్యిలోనికి పోయినవి. ఇట్టి పాత కొయ్యలను ఏరి, వాటి వంపును ఉన్నది ఉన్నట్లే యుంచి, జంతు రూపములుగా కూర్చు శిల్పము ఒకటి లోకమున నున్నది. విశ్వాసి యింట అట్టి బొమ్మ యుండవచ్చునా? అది విగ్రహము కాదా?

ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. యెషయా 44వ అధ్యాయమున ఒకడు చెట్టు నరికి, సగముతో చలి కాచుకొని రొట్టె కాల్చుకొని, తక్కిన సగమునకు సాగిలపడును. తాను మ్రొక్కు కొయ్య పొయ్యిలోని కొయ్యయే యని వాడు మరచెను; తప్పు అక్కడ నున్నది గాని ఉలిలో లేదు. కొయ్య చెక్కు నేర్పును బెసలేలునకు దేవుని ఆత్మయే యిచ్చెను గదా (నిర్గమ. 31). సొలొమోను మందిరమున పండ్రెండు ఎడ్ల రూపములు ఇత్తడి సముద్రమును మోసినవి. అయితే జనులు ధూపము వేసిన దినమున, మోషే చేసిన సర్పమునైనను హిజ్కియా పగులగొట్టెను.

పికాసో అను శిల్పి 1950లో ఫ్రాన్సు దేశమున ఒక మేకను చేసెను. పొట్టకు పాత గంప, వెన్నునకు ఎండిన మట్ట, పొదుగునకు మట్టి కుండలు! మన స్త్రీలు చూచిన నవ్వుదురేమో. 1942లో సైకిలు సీటునకు హ్యాండిలు చేర్చి ఎద్దు తల చేసెను. దానిని ఎవరైన మరల సైకిలుగా మార్చుకొనినను తనకు సమ్మతమేనని చెప్పెను. ఇట్టి బొమ్మ తన పుట్టుకను దాచుకొనదు. గంప గంపగానే కనబడుచున్నప్పుడు మ్రొక్కుట కష్టమని మా అభిప్రాయము. కొండపల్లి బొమ్మలో పొనికి కర్ర రంగు చాటున నుండును. అది పిల్లల ఆట వస్తువు గనుక దానితో మనకు పేచీ లేదు.

మమ్మును ఎక్కువగా కలతపెట్టునది వేరొకటి. పాత కాడితో ఎద్దు తల చేసితిమనుకొనుడి. ఆ కొయ్యకు నునుపు పెట్టినది వడ్రంగి మాత్రమే కాదు. ఏండ్ల తరబడి రాసుకొనిన ఎద్దు మెడ. దానిని ముచ్చటగా గోడకు తగిలించి, లాగలేని ముసలి ఎద్దును సంతకు తోలినచో ఆ బొమ్మ దేనికి గురుతు? రెండవ ఆజ్ఞ చదివి గోడ వైపు చూచువారు నాలుగవదానిని కూడ చదువవలెను. ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయమున విశ్రాంతి పొందవలసిన వారి వరుసలో ఎద్దు పేరు స్పష్టముగా నున్నది. మేత కొన శక్తిలేని కరవు నాటి రైతును మేము నిందింపము. కొట్టము నిండ గడ్డి యుండియు తోలివేసినవానినే అడుగుచున్నాము.