రెండు తులాల బంగారం

తిండికి సాయం అడిగే మనిషి ముందు ఏమేం అమ్ముకుని రావాలి? ఈ ప్రశ్న నన్ను ఏటా రంజాన్ నెలలో పట్టుకుంటుంది. నంద్యాలలో మా మసీదు కమిటీ తరఫున జకాత్ (విధిగా ఇచ్చే దానం) అర్జీలు రాసుకోవడానికి ఆడవాళ్ల ఇళ్లకు వెళ్లేది నేనే.

మేం పాటించే హనఫీ పద్ధతిలో లెక్క ఉంది. అవసరాలు పోను 52.5 తులాల వెండి, అంటే సుమారు 612 గ్రాముల విలువ చేసే ఆస్తి మిగిలినవాళ్లు జకాత్ పుచ్చుకోకూడదు. ఉంటున్న ఇల్లు, కట్టుకునే బట్టలు, వంటసామాను, తిరగడానికి బండి, పనిముట్లు లెక్కలోకి రావు. అప్పుంటే అదీ తీసెయ్యాలి. ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ అప్పులవాళ్ల బాకీలు తీర్చమని రాస్తే, కొందరికి ఇల్లూ గుర్రమూ పనిమనిషీ ఉన్నాయే అని అధికారులు అడిగారట. అవి మనిషికి ఉండాల్సినవే, తీర్చండి అని ఆయన జవాబు రాశాడు. ఎనిమిదో శతాబ్దం నాటి ఆ జవాబు నాకు ఇప్పటికీ ధైర్యం.

మన ఆంధ్రప్రదేశ్ బియ్యం కార్డు నిబంధనల్లోనూ ఆ చూపు కొంత ఉంది. కారున్న ఇంటికి కార్డు రాదు గానీ ట్యాక్సీకి, ఆటోకు, ట్రాక్టరుకు మినహాయింపు ఇచ్చారు. మంచి పని. మిగతా గీతలు మాత్రం కటువుగా ఉన్నాయి. మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు, టౌనులో 1000 చదరపు అడుగుల ఇల్లు, నెలకు 300 యూనిట్ల కరెంటు: ఇవి దాటితే మనిషికి 5 కిలోల బియ్యం ఆగిపోతాయి. ఆ పొలం మీద, ఆ ఇంటి మీద ఎంత అప్పుందని ఎవరూ అడగరు. వాన మొహం చాటేసిన ఏడు మా సీమలో మెట్టచేను ఎన్ని ఎకరాలుంటే మాత్రం ఏం పండుతుంది?

పోయిన రంజాన్‌లో ఒకావిడ అర్జీ రాశాను. భర్త లేడు. జాకెట్లు కుట్టి బతుకుతోంది. బంగారముందా అని అడిగితే దాచలేదు. బియ్యం డబ్బా అడుగు నుంచి గుడ్డమూట తీసి విప్పింది. ఒక నల్లపూసల లచ్చా, రెండు జతల కమ్మలు. రెండు తులాలుంటాయి.

"పాప పెళ్లికక్కా. ఇది అమ్మితే మళ్లీ కొనలేను."

కమిటీలో పెద్దాయన అర్జీ పక్కన పెట్టేశాడు. వెండి లెక్కన చూస్తే ఆ బంగారం గీత దాటేసింది, ఆయన చెప్పింది శాస్త్రమే. ఇమాంగారు మాత్రం, "అప్పు సంగతి అడిగావామ్మా?" అన్నారు. మళ్లీ వెళ్లి అడిగాను. భర్త ఆస్పత్రి ఖర్చుకు తెచ్చిన వడ్డీ అప్పు ఆ బంగారం ఖరీదుకు మించి ఉంది. జకాత్ ఇచ్చాం.

అప్పు లేకపోతే? ఈ మాట ఇమాంగారినే అడిగాను. బంగారం ఆవిడదే గనుక జకాత్ చెల్లదన్నారు. నేను ఒప్పుకున్నాను, హద్దు లేకపోతే ఇంకా లేనివాళ్ల వాటా పోతుంది. కానీ ఆ మూట ఆమెకు షోకు కాదు, పిల్ల పెళ్లికి వడ్డీవాళ్ల గుమ్మం తొక్కకుండా చేసుకున్న ఏర్పాటు. ఈ నెల బియ్యానికి దాన్ని అమ్మించామంటే రేపటి అప్పును మన చేతులతో రాసినట్టే. అల్లా అడిగే లెక్కలో ఆ అప్పు మన పేరున కూడా పడుతుందని నేను నమ్ముతాను.

దారి లేకపోలేదు. ఐచ్ఛికంగా ఇచ్చే సదఖాకు ఈ గీత అడ్డం రాదు. ఆ డబ్బుతో విడిగా బియ్యం పంచుదామనీ, ఫారంలో ఆస్తుల గడికన్నా ముందు అప్పుల గడి పెడదామనీ కమిటీకి రాసిచ్చాను. రెండోదానికి ఒప్పుకున్నారు. మొదటిదానికి పెద్దాయన ఇంకా సరేననలేదు, వచ్చే జుమ్మా తర్వాత మళ్లీ కూర్చుంటాం.