చేతికి ప్రతినిధి ఉందా?

కార్తీక పౌర్ణమి నాడు పిఠాపురం కుక్కుటేశ్వరుడి గుడికి వచ్చేవాళ్లలో చాలామంది 365 వత్తుల్ని ఒక్క కట్టగా నేతిలో తడిపి వెలిగిస్తారు. ఏడాది పొడుగునా ఇంట్లో దీపం పెట్టలేకపోయిన రోజులకు అది బదులని నమ్మకం. ఆ కట్ట ఇదివరకు ఇళ్లలోనే తయారయ్యేది. గింజ తీసిన పత్తిని విడదీసి, వేళ్లకు కాస్త విభూతో పాలో అద్దుకుని, ఒక్కొక్క వత్తే నులిమేవారు. ఇప్పుడు నేతిలో నానిందే పొట్లంగా దొరుకుతోంది. పత్తి వస్త్రం, వరలక్ష్మీ వ్రతానికి తోరం, చవితికి పాలవెల్లి, చివరికి భోగి పిడకల దండ కూడా కొనుక్కోవచ్చు. కాలం మారిపోయిందని నిట్టూర్చడం తేలికే గాని, ఇక్కడ తేల్చుకోవలసింది వేరే ఉంది. దేవుడికిచ్చేదాన్ని మన చేత్తో మనం చేయడానికి ధర్మంలో ఏమైనా విలువ ఉందా, లేక అది అంగళ్లు లేని రోజుల అవసరమేనా? విలువ ఉందనే నేను నమ్ముతున్నాను. ఆ విలువ పాతదనం మీద మమకారం వల్ల వచ్చింది కాదు, మనం నోటితో పలికే మాట నిజమా కాదా అన్నదాని మీద నిలిచింది.

పూజలో వస్త్రం సమర్పించే ఘట్టం తీసుకుందాం. మామూలు రోజుల్లో ఎవరూ దేవుడి ముందు కొత్త బట్ట పెట్టరు. పత్తిని సన్నగా సాగదీసి, మధ్యమధ్య తడివేళ్లతో నొక్కి, ఆ నొక్కుల దగ్గర పసుపూ కుంకుమా అద్ది, దాన్నే వస్త్రమంటారు. ఇందులో మోసం లేదు. ఒక వస్తువుకు బదులు మరొకటి వాడటాన్ని శాస్త్రం ప్రతినిధి అంటుంది. జైమిని పూర్వమీమాంస ఆరో అధ్యాయం ఈ సంగతిని తీరిగ్గా చర్చించింది. యాగానికి వరిధాన్యం దొరక్కపోతే నీవారధాన్యం, సోమలత దొరక్కపోతే పూతీక వాడవచ్చు. అంటే ద్రవ్యానికి ప్రతినిధి చెల్లుతుంది. దేవతకు, అగ్నికి, మంత్రానికి, క్రియకు మాత్రం చెల్లదు. యజమానికి అసలే చెల్లదు, ఎందుకంటే ఫలం అతనిది. ఈ విభజనలో ఎంతో దయ ఉంది. లేనివాడికి వస్తువు దగ్గర ఎంతైనా సడలింపు ఉంది, పని ఆగిపోకుండా ఉంటే చాలు. పట్టుబట్ట కొనలేని ఇల్లాలు చిటికెడు పత్తితో అదే ఉపచారం చేయగలిగేది అందుకే. అయితే బట్ట స్థానంలోకి పత్తి వచ్చాక అక్కడ మిగిలిందల్లా ఆమె వేళ్ల పని. అదీ కొనుక్కొస్తే, ప్రతినిధికి మళ్లీ ప్రతినిధిని పెట్టినట్టవుతుంది. 365 వత్తుల పొట్లం సంగతీ అంతే: పెట్టని దీపాలకు బదులు కట్ట, నులమని వత్తులకు బదులు పొట్లం.

చేయడమన్నది పూజకు ముందు జరిగే ఏర్పాటు మాత్రమే గదా, దానికింత ప్రాధాన్యమా అనవచ్చు. కొన్ని చోట్ల ఆచారమే దీనికి జవాబిస్తుంది. మట్టితో లింగం చేసి పూజించే పార్థివ లింగార్చనలో శివుడి నామాల్ని ఒక్కో పనికి ఒక్కోటి పంచారు. హరుడి పేరు చెప్పి మట్టి తీసుకోవాలి, మహేశ్వరుడి పేరుతో దాన్ని కలిపి ముద్ద చేయాలి, ఆ తర్వాతే ప్రతిష్ఠ, ఆవాహన, స్నానం, పూజ. మట్టి పిసకడం దగ్గరే అర్చన మొదలైపోయింది. వరలక్ష్మీ వ్రతంలో తొమ్మిది పోగుల తోరానికి తొమ్మిది ముడులు వేస్తారు. పూజ జరిగేటప్పుడు ఒక్కో ముడికీ అమ్మవారి పేరు ఒకటి చెప్పి అక్షతలు వేస్తారు. అనంత వ్రతానికి ముడులు పద్నాలుగు. దారానికే పూజైతే ముడిముడికీ ఆగక్కర్లేదు. ఇక పిఠాపురం పాదగయ క్షేత్రం. గయాసురుడి పాదాలున్న చోటని పితృకార్యాలకు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మంత్రం పురోహితుడు చెప్పిస్తాడు, దర్భలు ఆయనే తెస్తాడు, అన్నం ఇంకెవరో వండి ఉండవచ్చు. పిండం మాత్రం కర్త తన చేత్తోనే కట్టాలి. చనిపోయిన తండ్రికి ఇచ్చే ముద్దను పక్కవాడు కట్టిపెడితే కొడుకు మనసు ఒప్పుకోదు. ఇక్కడ మనసూ శాస్త్రమూ ఒకే మాట మీద ఉన్నాయి.

ఈ వాదానికి ఎదురయ్యే గట్టి అభ్యంతరం కూడా మీమాంసలోనే ఉంది. దాన్ని దాటవేయడం న్యాయం కాదు. మూడో అధ్యాయంలో జైమినే తేల్చాడు: యజమాని స్వయంగా చేయవలసింది త్యాగం, అంటే ద్రవ్యాన్ని దేవతను ఉద్దేశించి వదులుకోవడం. మిగిలిన పనులు దక్షిణ పుచ్చుకున్న ఋత్విక్కులు చేయవచ్చు. అలాంటప్పుడు డబ్బిచ్చి వత్తులు కొనడానికి అడ్డేమిటి? డబ్బు మాత్రం చెమట ఫలం కాదా? ముమ్మాటికీ అవును. ఏడాదిపాటు కూడబెట్టి పిఠాపురంలోని పురుహూతికా అమ్మవారికి చీర పెట్టిన మనిషి తన జీవితంలో కొంత భాగాన్నే అక్కడ పెట్టి వచ్చింది. ఆ చీర ఎవరు నేశారన్న ప్రశ్న ఆమె త్యాగాన్ని ఇసుమంత కూడా తగ్గించదు. కాని త్యాగమంటే, నాదైనదాన్ని ఇకపై నాది కాదని వదులుకోవడం. పొట్లం కొనేటప్పుడు జరుగుతున్నది దీనికి తలకిందులు. ఖర్చు తెలియకుండా, సమయం పోకుండా పని కానివ్వడానికే దాన్ని కొంటాం. సమయాన్ని మిగుల్చుకోవడం తప్పని నేననను, అలసిన మనిషికి అది అవసరమే. మిగుల్చుకున్నదాన్నే ‘సమర్పయామి’ అని చెప్పడం దగ్గరే చిక్కు. ఆ మాట ఉత్తమ పురుషలో ఉంది, నేను ఇస్తున్నానంటోంది. అరగంట కూర్చుని పత్తి సాగదీసిన మనిషి నోట అది నిజం. ఆ అరగంట ఇక ఆమెది కాదు.

ఆకైనా పువ్వైనా నీళ్లైనా భక్తితో ఇస్తే చాలునని గీతలో కృష్ణుడు అన్నాడు గదా అంటే, ఆ మాట నా వాదానికి అడ్డు రాదు. ఎంత తక్కువైనా చాలునన్నాడు, ఏమీ పోగొట్టుకోకుండా ఇవ్వవచ్చని అనలేదు. నేను ఎక్కువసేపు ఆలోచించవలసి వచ్చింది బ్రహ్మసమాజం అడిగే ప్రశ్న గురించి. ఆ సమాజం పిఠాపురానికి పరాయిది కాదు. పిఠాపురం మహారాజా రావు వేంకట కుమార మహీపతి సూర్యారావు (1885–1964), ఆయన గురువు రఘుపతి వేంకటరత్నం నాయుడు (1862–1939) ఇద్దరూ ఆ మార్గంలో నడిచినవాళ్లే. కాకినాడలో కాలేజీకీ, అనాథాశ్రమానికీ, ప్రార్థనా మందిరానికీ సంస్థానం అండగా నిలిచింది. విగ్రహాన్నే ఒప్పుకోని ఆ దృష్టికి పత్తి వస్త్రం చేత్తో చేశారా, కొన్నారా అన్న చర్చే వ్యర్థం. ఆ పత్తితో ఒక పసివాడికి దుప్పటి కుట్టరాదా అని వాళ్లు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. దాన్ని కాదనకుండా లోపలికి తీసుకుంటేనే నా వాదం నిలుస్తుంది. చేతిపని విలువ అందులో మనది అనదగ్గది ఎంత వెళ్లిందన్నదాన్ని బట్టి వచ్చేదైతే, దేవుడి గదిలో ఉన్నదానికి ఎక్కువా, గది బయట ఉన్నదానికి తక్కువా అనడానికి ఆధారం లేదు. తల్లి తన పాత పట్టుచీర అంచు విప్పి సంక్రాంతికి పిల్లకు పరికిణీ కుట్టడం, మెత్తబడిన నేతచీరలు నాలుగు మడతలు వేసి పుట్టబోయే బిడ్డకు బొంత కుట్టడం, అక్క తమ్ముడితో కలిసి బొమ్మల కొలువులో బొమ్మలకు చిన్నచిన్న గుడ్డలు తొడగడం, ఇవన్నీ ఆ లెక్కలో సమర్పణలే. కర్మలో కుట్టని బట్టే కట్టాలన్న నియమం ఉంది, నిజమే. అది మడికి సంబంధించింది, పండగనాడు పిల్లలు తొడుక్కునే బట్టకు కాదు. అనాథాశ్రమంలో పిల్లకు చేత్తో కుట్టి ఇచ్చిన గౌను లక్ష వత్తుల నోము కంటే ఒక మెట్టు పైనే ఉంటుందని చెప్పడానికి నాకు సంకోచం లేదు.

అయితే అన్నీ మనమే చేసుకుంటే చేతిపని మీద బతికేవాళ్ల గతేమిటి? పిఠాపురానికి దగ్గరలోనే ఉప్పాడ ఉంది. అక్కడి జామ్దానీ చీరకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పువ్వు పువ్వుకూ అదనపు పేకదారాన్ని చేత్తో చొప్పించి నేస్తారు గనక చీర వెనక వేలాడే పోగులుండవు, రెండు వైపులా బుటా ఒకేలా కనిపిస్తుంది. ఒక్క చీరకు వారాలూ నెలలూ పట్టవచ్చు. దాన్ని ఇంట్లో నేసుకోమని ఎవరంటారు? ఏళ్ల తరబడి సాధన చేస్తే తప్ప రాని విద్యకు తగిన ధర బేరమాడకుండా ఇవ్వడమే ధర్మం. ఇంట్లో వత్తులు చేసి అమ్ముకునే ఆడవాళ్ల దగ్గర రోజువారీ దీపానికి కొనడమూ మంచిదే. పండగనాటికి ఒక్కటంటే ఒక్కటి, తోరమో పత్తి వస్త్రమో మట్టి వినాయకుడో, ఇంటివాళ్ల చేతుల మీద జరగాలన్నదే నేను కోరేది.

ఇంటివాళ్లు అన్నాను గాని, ఆ మాట చాటున జరిగే అన్యాయం ఒకటుంది. తెల్లవారుజామున లేచి పత్తి దువ్వేదీ, తోరణానికి మామిడాకులు గుచ్చేదీ, ముగ్గేసి గొబ్బెమ్మలు పెట్టేదీ ఆడవాళ్లు. పీట మీద కూర్చుని గోత్రనామాలు చెప్పుకునేది మగవాడు. చేత్తో చేయాలన్న ఉపదేశమంతా ఆడవాళ్ల నడుముల మీదే పడుతుందంటే కాదనడానికి నా దగ్గర మాటల్లేవు. దానికి పరిష్కారం మాత్రం పొట్లం కాదు. గృహస్థు చేసే యాగంలో భార్యాభర్తలిద్దరికీ కలిపే అధికారమని మీమాంస చెప్పింది, యజమానికి ప్రతినిధి లేడనీ చెప్పింది. ఈ రెంటినీ కలిపి చదివితే, భార్య నులిమిన వత్తిని తీసుకుని ‘నేను సమర్పిస్తున్నాను’ అనే భర్త, అంగట్లో కొన్నవాడి కంటే మెరుగేమీ కాదు. అతనూ పత్తి ముందు కూర్చోవాలి. పత్తి సాగదీయడానికి ఏళ్ల సాధన అక్కర్లేదు, మొదటి నాలుగు వత్తులు వదులుగా వచ్చినా దీపం వెలుగుతుంది. ఇద్దరికీ తీరిక లేని ఏడాది లక్ష వత్తులు మానేసి రెండు వత్తులు చేసుకుంటే నోముకు లోటు రాదు, ద్రవ్యం దగ్గర సడలింపు ఉందని ముందే అనుకున్నాం. ఇక కీళ్లనొప్పులతో వేళ్లు వంగని ముసలామె కొన్న పొట్లంతో వచ్చి కుక్కుటేశ్వరుడి ముందు 365 వత్తులు వెలిగిస్తే, జైమిని ప్రతినిధిని ఒప్పుకున్నది సరిగ్గా అలాంటివాళ్ల కోసమే. వేళ్లు వంగే మనవడు పక్కనే ఉండి, ఆమె చెబుతుంటే నులమకపోవడమే అక్కడ ఆలోచించవలసిన సంగతి.