ప్రక్కను నిలుచుట



"మీరీయనకు ఏమవుతారు?" అని ఆసుపత్రి గుమాస్తా అడిగెను. ఈ పట్టణములోనే పదునెనిమిది సంవత్సరములు ఒకే యింట కలిసి బ్రదికిన ఆ మనుష్యుడు నోరు తెరచి, మరల మూసికొనెను. మంచముమీది వానికి ఆపరేషను చేయవలెను. కాగితముమీద రక్తసంబంధి సంతకము కావలెననిరి. శ్రీకాకుళమునుండి అన్నగారు వచ్చువరకు ఆ కాగితము బల్లమీదనే యుండెను. నేను రెండడుగుల దూరమున బైబిలు పట్టుకొని నిలిచియుంటిని. వారి సంగతి నేనెరుగుదును. "స్నేహితుడండీ" అని చెప్పి ఊరకుంటిని.

రోగి బ్రదికెను. ఆ మాట మాత్రము నన్ను విడువలేదు.

కొంతకాలమునకు మా సంఘ యువకుడొకడు వచ్చి, "అయ్యగారూ, స్వలింగ జంటల సమాన హక్కులకోసం బీచిరోడ్డులో నిలబడుతున్నాం. మీరేం మాట్లాడనక్కరలేదు, వచ్చి నిలబడితే చాలు" అనెను. వేదాంత కళాశాలలో నేర్చిన వాదములన్నియు నాకప్పుడు గుర్తుకు వచ్చెను. నేను పోయి నిలిచినయెడల సంఘ బోధను కాదన్నట్లగునుగదా!

అయితే వారడుగునదేమి? హైదరాబాదువారైన సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ 2022లో సుప్రీము కోర్టుకు వెళ్లి, 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టము క్రింద తమ వివాహమును నమోదు చేయుమని కోరిరి. ఆ చట్టమున పురోహితునితోను పాదిరితోను పనిలేదు. మన గుడి తలుపు ఎవరును తట్టలేదు. 2023 అక్టోబరు 17న అయిదుగురు న్యాయమూర్తులు, వివాహము ప్రాథమిక హక్కు కాదనియు, చట్టము చేయుట పార్లమెంటు పనియనియు తీర్పు చెప్పిరి. 2024లో కేంద్ర ప్రభుత్వము, ఇట్టివారికి ఉమ్మడి బ్యాంకు ఖాతాకు అడ్డులేదనెను. రేషను కార్డులో ఒకే కుటుంబముగా ఎంచుమనెను. దగ్గరి బంధువులు లేనప్పుడు దేహమును అప్పగింపుమనెను. మంచిదే. ఆనాడు సంతకము చేయలేకపోయినవాడు, శవమును మాత్రము అడుగవచ్చునన్నమాట!

ప్రభువు జక్కయ్య యింట దిగినప్పుడు జనులు సణిగిరి. ఆయన అతని సుంకపు లెక్కలు సరిచూచి లోపలికి పోలేదు. (ఈ పోలిక పూర్తిగా చెల్లదు. జక్కయ్య పరుల సొమ్ము తీసికొనెను. వీరెవరి సొమ్మును తీసికొనలేదు.) సంఘము ఎవరికి పెండ్లి చేయవలెనను ప్రశ్న నాకింకను తెగలేదు. కాని ఆసుపత్రిలో నా నోరు కట్టినది ఆ ప్రశ్న కాదు. మా పెద్దల భయము. దానికి సిద్ధాంతమను పేరు పెట్టుకొంటిని.

వెళ్లితిని. జలాంతర్గామి మ్యూజియమునకు ఎదుట, అందరికిని వెనుక నిలిచితిని. నేను స్నేహితుడని చెప్పినవాడును అక్కడ నుండెను. నాతో మాటలాడలేదు.

అంతలో మా సంఘ పెద్ద ఒకరు, మనుమనికి మొక్కజొన్న పొత్తు కొనిపెట్టి వచ్చుచు నన్ను చూచి ఆగిరి. "అయ్యగారూ, వీళ్లు మీకేమవుతారు?" అనిరి.

"నా వారేనండీ" అంటిని.

ఆయన మనుమని చేయి పట్టుకొని సాగిపోయిరి. ఆదివారము ఆరాధన పిమ్మట కమిటీ కూడుచున్నదని కబురు వచ్చినది.