ఇక్కడ ఇంతే



కొత్తగా పనిలో చేరినవారికి మొదటి వారములోనే ఎవరో ఒకరు చెప్పే మాట ఒకటున్నది: "ఇక్కడ ఇంతే." రానివారికి హాజరు వేయడము, కింది ఉద్యోగిని "ఒరే" అని పిలవడము, కూలి డబ్బులో మేస్త్రీ కొంత మిగుల్చుకోవడము, అన్నీ ఆ మాట చాటునే సాగిపోతాయి. ఉపాధ్యాయ శిక్షణలో పాఠము ఎలా చెప్పాలో నేర్పుతారు. బడి ఎలా నడుస్తుందో మాత్రము స్టాఫ్ రూములోనే తెలుస్తుంది. గోడమీద వ్రాసిన నియమము ఒకటి, అందరూ నడిచే తీరు మరొకటి. ఈ రెండవదానినే కంపెనీలవారు వర్క్ కల్చర్ అంటున్నారు. మన పెద్దలు ఆనవాయితీ అన్నారు.

మరి మనము పెట్టని ఆనవాయితీకి మనము బాధ్యులమా?

కర్ణాటకలో పావగడ తాలూకా నిడుగల్లు పేరుకు పొడవైన రాయి అని అర్థము. ఒకప్పుడు చోళ శాఖవారు ఏలిన ఆ కొండకోటను చూస్తే, ఆనవాయితీ కూడా అలాగే కదలనిదని అనిపించవచ్చును. కాని అదే తాలూకాలో తిరుమణి చుట్టుప్రక్కల ఐదు గ్రామములలో, మన కండ్ల ముందే పని తీరు మారిపోయినది. సుమారు 13,000 ఎకరములలో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రము వెలసినది. భూమిని కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. భూమి గలవారికి ఏటేటా కౌలు వస్తుంది. ఆ చేలలో కూలికి పోయిన భూమిలేనివారికి కౌలు లేదు. కొందరు అక్కడే కాపలాకు, గడ్డి కోతకు, పలకలు కడగడానికి కాంట్రాక్టర్ల కింద చేరారు. అటువంటి కొత్త పనిచోట పాత వాడుక అంటూ ఏదీ ఉండదు. మొదటి సూపర్‌వైజరు మనుష్యులను ఎలా పిలుస్తాడో, కూలి ఏ రోజున ఎంత చేతిలో పెడతాడో, కొన్ని నెలలకు అదే "ఇక్కడ ఇంతే" అవుతుంది. ప్రతి ఆనవాయితీకి ఇటువంటి మొదటి రోజు ఒకటి ఉండినది. రాయివలె కనిపించేది నిజముగా రోజూ మనుష్యులు మోసి నిలబెడుతున్నదే.

ఈ సంగతి మన చరిత్రలోనే ఉన్నది. 1876-78 నాటి ధాత కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకము జరిగినది. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగారు యౌవనములో సర్వేయరు పని చేసినవారు. ఆయన ఆ కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వే కాంట్రాక్టు తీసుకున్నారు. కరువు కాలములో కూలివానికి నోరు లేదు. అతడు తట్ట దించితే ఎత్తుకోవడానికి వెనుక పదిమంది నిలిచియుంటారు. అటువంటి చోట న్యాయము కాగితముమీద ఉండి లాభము లేదు, మేస్త్రీ చేతిలో ఉండాలి. క్లౌగారు తన బోధకులనే మేస్త్రీలుగా నియమించారు. అంతేకాదు, కరువు సహాయము సాగుతున్నంతకాలము బాప్తిస్మములు ఆపివేశారు. కూలి కోసము మతము పుచ్చుకున్నారనే మాట రాకూడదని ఆయన ఉద్దేశము. తరువాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ సంఖ్య మన పిల్లలకు కూడా తెలుసు. దానికి ముందు తట్ట మోసినవారిని ఎవరి చేతికి అప్పగించారన్నది మనము అంతగా చెప్పుకోము.

నెహెమ్యా సంగతియు అంతే. పూర్వపు అధికారులు ప్రజలపై భారము మోపారు, వారి సేవకులు కూడా అధికారము చెలాయించారు. ఆ వాడుకను ఆయన పెట్టలేదు. అయినను దేవుని భయముచేత దానిని కొనసాగించలేదు, తనకు రావలసిన భత్యమును కూడా తీసుకోలేదు.

కాబట్టి నా మనవి ఇది. ఆనవాయితీ పుట్టుకకు మనము బాధ్యులము కాము, కాని దానిని రెండవవారికి అందించినప్పుడు బాధ్యులమవుతాము. అయితే అందరి భారము ఒక్కటి కాదు. రోజు కూలితో ఇల్లు గడిచే మనిషిని "నీవెందుకు ఎదిరించలేదు?" అని అడగడము న్యాయము కాదు. ఎదిరిస్తే అతడు పోగొట్టుకునేది పూటకూడు. అడగవలసినది పైనుండి మాట వినేవారిని, కిందికి మాట చెప్పేవారిని. ఊరు విడిచి వచ్చిన మనలో ఎందరో నేడు ఆ మధ్య స్థానములోనే ఉన్నారు: సూపర్‌వైజర్లు, హెడ్‌మాస్టర్లు, హెడ్ నర్సులు, ఆఫీసు మేనేజర్లు. మన తండ్రులు తట్ట మోశారు, మన చేతిలో మస్టరు పుస్తకమున్నది.

మొదలుపెట్టవలసినది పెద్ద పనులతో కాదు. చెప్పిన రోజున కూలి ఇవ్వండి. మనిషిని పేరుపెట్టి పిలవండి. తప్పు జరిగితే కిందివానిమీదికి నెట్టక ముందు వాని మాట వినండి. కొత్తగా చేరినవారు దేనినైనా "ఎందుకు?" అని అడిగితే "ఇక్కడ ఇంతే" అనకుండ కారణము చెప్పండి. చెప్పదగిన కారణము లేకపోతే ఆ పద్ధతి మార్చవలసినదని అర్థము.

సంఘము కూడా ఒక పనిచోటే. వచ్చే కమిటీ కూటములో మందిరము ఊడ్చే సహోదరికి, రాత్రి కాపలా ఉండే సహోదరునికి నెలకు ఎంత ఇస్తున్నామో, ఏ తేదీన ఇస్తున్నామో లెక్క చూడండి. ఆ లెక్క చదివినప్పుడు వారిద్దరినీ కూడా కూర్చోబెట్టండి.