తల్లిదుబ్బు సంగతి

యీ దేశంలో పెరడు వున్న మనవాళ్ళందరికీ మార్గరీట్ డైసీ తెలిసే వుంటుంది. మే నెలలో గార్డెన్ సెంటరుకు వెళితే గుమ్మంలోనే ట్రేలలో పెట్టి అమ్ముతారు. తెల్లని రేకులు, మధ్య పసుపుపచ్చ బొడ్డు, సన్నగా చీలిన ఆకు. మొదటిసారి చూసినప్పుడు చామంతి అనుకున్నాము. అంత తప్పేమీ కాదు. వృక్షశాస్త్రజ్ఞులు కూడా చాలాకాలం దీన్ని చామంతుల కుదురులోనే వుంచి, ఆ తరవాత విడదీసి ఆర్గిరాంథిమమ్ అని నోరు తిరగని పేరు పెట్టారు.

దీని పుట్టిల్లు కెనరీ దీవులు. ఆఫ్రికా వాయవ్య తీరానికి దగ్గరగా, స్పెయిన్ కింద వున్నవి. ఇంచుమించు మన ఢిల్లీ వున్న అక్షాంశమే. అక్కడ ఇది ఏడాది పొడుగునా పచ్చగా వుండే పొద. కాండం చేవదేరి కొన్నేళ్ళు బతుకుతుంది. ఇంగ్లండులో మాత్రం గట్టిగా మంచు పట్టిన ఒక్క రాత్రికి నల్లబడి వేలాడిపోతుంది. అందుకని ఇక్కడ చాలామందికి అది ఒక్క వేసవి ముచ్చట. మేలో కొంటారు, అక్టోబరుదాకా చూస్తారు, నవంబరులో మరచిపోతారు.

ఆ మరచిపోవటం గురించే మా సందేహం.

మేము ఇద్దరమూ డాక్టర్లమే. 1974లో వచ్చాక అయిదేళ్ళపాటు ఆరు నెలలకొక ఆస్పత్రి, ఆరు నెలలకొక క్వార్టరు. కుండీ కొంటే మోసుకుపోవాలి గనక కొనలేదు. 1979లో మిడ్లాండ్స్‌లో యిల్లు కొన్నాము. మరుసటి మేలో ఆరు మార్గరీట్లు తెచ్చి మూడు కుండీలలోనూ, మూడు మడిలోనూ పెట్టాము.

కుండీకీ మడికీ చాలా తేడా వుంది. మడిలోది వేళ్ళు చాచి నీటిని తనే వెతుక్కుంటుంది. నీరు నిలవని నేల, ఎండ, యీ రెండూ వుంటే మన జోక్యం పెద్దగా అక్కరలేదు. కుండీలోది అట్లా కాదు. జూలైలో రెండు రోజులు నీళ్ళు మానేస్తే తల వాల్చేస్తుంది. అడుగున చిల్లు మూసుకుపోతే వేళ్ళు కుళ్ళుతాయి. వారానికొకసారి టమాటాలకు పోసే ద్రవపు ఎరువు పొయ్యాలి. వాడిన పువ్వును వాడినట్టే గిల్లకపోతే పూత తగ్గుతుంది. చిగుళ్ళు తుంచకపోతే గుబురు కట్టదు. మొత్తంమీద దాని ప్రాణం మన చేతిలో చెంబులో వుంటుంది. చలి వచ్చేసరికి యీ లెక్క తిరగబడుతుంది. కుండీని ఎత్తి లోపల పెట్టవచ్చు, మడిలోదాన్ని తవ్వితే గాని తేలేము. అంటే మడిలో నాటినవాడు మే నెలలోనే సగం తీర్పు చెప్పేశాడన్నమాట.

ఆ మొదటి ఏడు రేపు తెద్దాం, ఎల్లుండి తెద్దాం అనుకుంటూ వుండగా నైట్ డ్యూటీల వారం వచ్చింది. ఒక తెల్లవారుఝామున యింటికి వచ్చి చూస్తే ఆరూ నల్లబడి వున్నాయి. తప్పు మంచుది అనుకున్నాము.

1981లో పక్కింటి పెద్దాయన కొమ్మలు గుచ్చటం నేర్పారు. ఆగస్టులో, మొగ్గ తొడగని కొమ్మ నాలుగంగుళాలు తీసుకుని, కణుపు కింద కోసి, అడుగు ఆకులు తీసేసి, ఇసుక కలిపిన మట్టిలో గుచ్చి, పైన పాలిథిన్ సంచి కప్పటం. పన్నెండు గుచ్చితే తొమ్మిది బతికాయి. వాటిని పోర్చిలో వెలుతురు పడే చోట పెట్టాము. 5 డిగ్రీలకు తగ్గకుండా, తడి మరీ ఎక్కువ కాకుండా చూసుకుంటే చలికాలం గడిచిపోతుంది. మాకు గర్వంగానే వుంది. గింజ నుంచి వచ్చినది కొత్త మొక్క, కొమ్మ నుంచి వచ్చినది అదే మొక్క గదా, కాబట్టి మొక్కను బతికించినట్టే అనుకున్నాము.

ఆ వేసవిలో అమ్మ మా దగ్గరే వున్నారు (మా ఇద్దరిలో ఒకరికి అమ్మ, ఒకరికి అత్తగారు). తెనాలి దగ్గర పల్లెటూళ్ళో పెరటినిండా చామంతులు పెంచిన మనిషి. అక్టోబరు చివర ఒక సాయంత్రం కిటికీలోంచి బయట యింకా పూస్తున్న కుండీలను చూస్తూ అడిగారు.

"ఏమర్రా, పిల్లల్ని లోపల పెట్టుకున్నారు. ఆ తల్లిదుబ్బుల సంగతేమిటి?"

"ఏం చెయ్యమమ్మా. లోపల చోటు లేదు. ఒక మంచు రాత్రి వస్తే అవే పోతాయి."

"అవే పోతాయని కూచుంటారా? మన పెరట్లో పిలకలు తీశాక పాత దుబ్బు నేనే పీకుతాను. పీకి ఎరువుకుప్పలో వేస్తాను. అంతేగాని చలి చూసుకుంటుందిలే అని వదిలెయ్యను."

మర్నాడు ఆవిడే శాలువా కప్పుకుని వెళ్ళి అన్నిటినీ పీకి, మట్టి దులిపి, ముక్కలు చేసి కుప్పలో వేశారు. పువ్వులు కోసి దేవుడి దగ్గర పెట్టారు. నవంబరు మొదట్లో విమానం ఎక్కారు. 1982 జనవరి 10న మాకు దగ్గరలోనే, ష్రాప్‌షైర్‌లోని న్యూపోర్ట్ వద్ద, మైనస్ 26.1 డిగ్రీలు నమోదైంది. ఇంగ్లండులో అంత తక్కువ మళ్ళీ నమోదు కాలేదు. ఆ రాత్రి తొమ్మిది పిల్లమొక్కలూ మా పడకగదిలో వున్నాయి.

పూస్తున్న మొక్కను పీకటం హింస గదా, ప్రకృతికి వదిలేస్తే పాపం లేదు గదా అని మిత్రులొకరు వాదించారు. లాన్‌లో దానంతట అది మొలిచే చిన్న డైసీ విషయంలో ఆ మాట చెల్లుతుంది. అది యీ నేలది, చలిని ఓర్చుకుంటుంది. కెనరీ మొక్కను కారు డిక్కీలో పెట్టుకుని తెచ్చినది ప్రకృతి కాదు, మేము.

1975లో జేమ్స్ రేచల్స్ అనే అమెరికా తత్త్వవేత్త న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక చిన్న వ్యాసం రాశారు. చంపటానికీ చావనివ్వటానికీ వున్న తేడాకు దానంతట దానికి నీతిలో బరువు లేదని ఆయన వాదం. వార్డులలో పనిచేసిన మేము దాన్ని పూర్తిగా ఒప్పుకోలేదు, యిప్పటికీ ఒప్పుకోము. మంచం మీద వున్నది మనిషి, ఆయనకొక ఇష్టం వుంది, అడగాలి. అయితే వార్డులో యింకొకటి కూడా వుంది. ఇకమీద ఫలానా చికిత్స చెయ్యకూడదని నిర్ణయిస్తే ఆ ముక్క కేసు కాగితంలో రాసి కింద సంతకం పెడతాము. పెరట్లో మేము చేసిన పనిలో లేనిది ఆ సంతకమే. నిర్ణయం మాది, పేరు మంచుది.

ఇక్కడ మనల్ని మనం ఆ మొక్కతో పోల్చుకోవటం సులువు. పరాయి నేల, చలి, వేళ్ళు అంటూ మన సంచికలలో ఎవరో ఒకరం పోల్చుకుంటూనే వుంటాము. కాని మొక్కను ఎవరూ అడగలేదు. మనం టిక్కెట్టు కొనుక్కుని వచ్చాము. యీ కథలో మన పాత్ర కుండీ మోసుకొచ్చినవాడిది.

అమ్మ మాకోసం తూర్పు గదికి ప్రతి సంక్రాంతికీ సున్నం వేయించేవారు. ప్రతి ఉత్తరంలోనూ ఎప్పుడు వచ్చేస్తున్నారని అడిగేవారు. పెద్దవాడి పరీక్షలు కాగానే అని ఒక ఏడు, యింటి అప్పు తీరగానే అని యింకొక ఏడు రాశాము. రాము అని ఎన్నడూ రాయలేదు. అప్పటికి రాకూడదని నిర్ణయించుకున్నామా అంటే అదీ లేదు. ఏళ్ళు చూసుకుంటాయిలే అని వదిలేశాము. 1987లో ఆవిడ పోయాక వెళ్ళి చూస్తే గది సున్నం తెల్లగానే వుంది. రాము అని ఒక్కసారి రాసి వుంటే ఆవిడ బాధపడి వుండేవారు. బాధపడి, ఆ గదిలో ధాన్యం పోసుకుని వుండేవారు.

ఇప్పుడు మా పోర్చిలో ఆరు కుండీలకే చోటు. ఏటా సెప్టెంబరు ఆఖరి ఆదివారం ఇద్దరమూ కూచుని ఏవి లోపలికి, ఏవి కుప్పలోకి అని తేల్చుకుంటాము. ఎక్కువగా వేళ్ళ దగ్గర మానుకట్టి, అడుగున ఆకు లేని ముసలివి కుప్పలోకి వెళతాయి. ఒక్కొక్కసారి తగాదా కూడా పడతాము. పీకే పని వంతులవారీగా.

గత ఆగస్టులో గుచ్చినవాటిలో పదకొండు బతికాయి, ఏడు తెలుపు, నాలుగు పసుపు. కావలసిన సభ్యులు ఉగాది సభలో అడుగుతున్నారు గాని అప్పుడు ఇవ్వము, ఆ నెలలో రాత్రులు యింకా గడ్డకడతాయి. జూన్ మొదటివారంలో యింటికి వచ్చి తీసుకువెళ్ళవచ్చు. కుండీ మీరే తెచ్చుకోవాలి.